మూడు ఆటలకు ఒకే ఒళ్లు: తొలి హాఫ్ ఐరన్‌మ్యాన్ లెక్కలు

1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మూడూ ఒకే రోజు వరసగా చేసే పోటీ పేరు హాఫ్ ఐరన్‌మ్యాన్. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకి ఈ అంకెలు చెబితే చాలామంది ముందుగా అడిగేది ఒకటే: “మధ్యలో రెస్ట్ ఎంతసేపు ఇస్తారు?” ఇవ్వరు. నీళ్లలో దిగినప్పుడు మొదలైన గడియారం పరుగు చివర గీత దాటేదాకా నడుస్తూనే ఉంటుంది. తడి బట్టలతో సైకిల్ దగ్గరికి వెళ్లడం, హెల్మెట్ పెట్టుకోవడం, బూట్లు వేసుకోవడం, బాత్రూంకి వెళ్లడం, అంతా ఆ లెక్కలోనే.

అది చాలా సరైన ప్రశ్న అని నాకు తర్వాత తెలిసింది. విడివిడిగా చూస్తే ఇవేవీ ఉద్యోగం చేసుకునేవాళ్లకి అందని దూరాలు కావు. బెంగళూరులో హాఫ్ మారథాన్ పరుగెత్తేవాళ్లు బోలెడుమంది. ఆదివారం తెల్లవారుజామున నంది కొండకి సైకిల్ తొక్కి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి టిఫిన్ తినేవాళ్లకీ కొదవలేదు. పొద్దున్నే కొలనులో నలభై నిమిషాలు ఈదేవాళ్లూ ఉన్నారు. అయినా మూడూ వరసగా చేయాల్సి వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లు కూడా సరిగ్గా ఆ పరుగులోనే కూలబడతారు. కాళ్లలో బలం చాలక అలా అవుతుందనుకునేవాడిని. అసలు సంగతి వేరు. ఒంట్లో ఉండే చక్కెర, ఒళ్లు భరించగల వేడి, రక్తంలో ఉండే ఉప్పు, ఇవన్నీ మూడు ఆటలకీ కలిపి ఒక్కటే ఖాతా. ఒక జీతంతో మూడు ఇళ్లు నడపడం లాంటిది ఇది. మొదటి ఇంట్లో దుబారా చేస్తే మూడో ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ ఖాతా ఎలా నడుస్తుందో నాకు తెలిసినంత వరకు విప్పి చెబుతాను. నాలాగే ఆఫీసు, ఇల్లు, పిల్లల మధ్య తొలిసారి ఈ దూరానికి సిద్ధమవుతున్నవాళ్ల కోసం ఇది.

గడియారం

ముందు పేరు సంగతి. 1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఓహూ దీవిలో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగింది. ఈతగాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, వీళ్లలో ఎవరికి దమ్ము ఎక్కువన్న వాదనలోంచి పుట్టిన పోటీ అది. 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారు. పూర్తి దూరం 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు. అందులో సగం హాఫ్ ఐరన్‌మ్యాన్. దాన్నే 70.3 అంటారు, మూడు దూరాలనీ మైళ్లలో కలిపితే వచ్చే అంకె అది. కిలోమీటర్లలో 113. ఒలింపిక్స్‌లో టీవీలో చూసేది ఇంకా చిన్నది: 1.5, 40, 10. మన దేశంలో ఐరన్‌మ్యాన్ పేరుతో జరిగిన మొదటి పోటీ 2019 అక్టోబర్‌లో గోవాలో, మీరామార్ తీరంలో పెట్టిన 70.3. బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దునకి చేరే దూరం కాబట్టి, మా ఊళ్లో ఎక్కువమందికి తొలి రేసు అక్కడే.

మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు ఇస్తారు. అందులో ఈతకి 1 గంట 10 నిమిషాలు. సైకిల్ ముగిసేసరికి మొదటి నుంచి లెక్కేసి 5 గంటల 30 నిమిషాలు దాటకూడదు. ఏ గీత దగ్గర ఆలస్యమైనా అక్కడితో ఆపేస్తారు. 2024లో బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వి సూర్య గోవాలో ఈ రేసు పూర్తి చేసినప్పుడు పట్టిన సమయం 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లు. అంటే గడువుకి రెండున్నర నిమిషాల ముందు. పేపర్లలో ఆ వార్త చదివి చాలామంది అభినందించారు. నాకు మాత్రం ఆ చివరి అరగంట ఎలా గడిచి ఉంటుందోనని గుండె ఝల్లుమంది.

మామూలు మనిషి మొదటిసారి వేసుకోదగ్గ లెక్క ఇలా ఉంటుంది. ఈత 50 నిమిషాలు, బట్టలు సైకిల్ సర్దుకోవడానికి 8, సైకిల్ మూడున్నర గంటలు, మళ్లీ మార్పుకి 6, పరుగు రెండుమ్ముప్పావు. కలిపితే 7 గంటల 19 నిమిషాలు. గడువుకి గంటా పది నిమిషాలు మిగులుతుంది. పంక్చర్ పడినా, కడుపు మొరాయించినా, కాలు పట్టేసినా ఆ గంటలోనే సర్దుకోవాలి.

చక్కెర ఖాతా

70 కిలోల మనిషి ఈ రేసులో ఖర్చు పెట్టేది దాదాపు మూడున్నర వేల నుంచి నాలుగు వేల కేలరీలు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర 400 నుంచి 500 గ్రాములు. అంటే ఎక్కువలో ఎక్కువ రెండు వేల కేలరీలు. మిగతాది కొవ్వులోంచి, దారిలో తిన్నదాంట్లోంచి రావాలి. కొవ్వు ఎంత సన్నగా ఉన్నవాళ్ల ఒంట్లోనైనా పుష్కలంగానే ఉంటుంది. కాకపోతే అది నిదానంగా కరిగే సరుకు. నెమ్మదిగా సాగినప్పుడు ఒళ్లు కొవ్వుని ఎక్కువ వాడుకుంటుంది. వేగం పెంచిన కొద్దీ చక్కెర వైపు మళ్లుతుంది. అందుకే మొదటి గంటల్లో చేసిన ప్రతి తొందర చివరి గంటల చక్కెరని తినేస్తుంది.

మరి దారిలో ఎంత తినాలి? పేగు గ్లూకోజ్‌ని గంటకి సుమారు 60 గ్రాముల వరకే లోపలికి తీసుకోగలదు. ఫ్రక్టోజ్‌కి దారి వేరు. రెండూ కలిపి తీసుకుంటే గంటకి 90 గ్రాముల దాకా వెళ్లొచ్చు. ఇక్కడ మన వంటింటికి సంబంధించిన మంచి సంగతి ఒకటుంది. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. రేసులో పిండుకుని మింగే చక్కెర పాకం లాంటి ఖరీదైన జెల్ ప్యాకెట్లలో రెండు చక్కెరలు కలిపి అమ్మేది కూడా ఈ సూత్రం మీదే. నేను 750 మి.లీ. సీసాలో 45 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, సగం నిమ్మకాయ కలుపుకుంటాను. గంటకి ఒక సీసా, ఒక చిన్న అరటిపండు. రెండూ కలిపి దాదాపు 65 గ్రాములు. మొదటి రేసుకి ఇది చాలు.

పేగుకి కూడా సాధన కావాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే. ఆరు నెలలు కాళ్లకి శిక్షణ ఇచ్చి, రేసు రోజు మొదటిసారి ఏడు జెల్స్ మింగితే కడుపు తిరగబడుతుంది. కష్టపడి పని చేస్తున్నప్పుడు రక్తం కండరాలకి, ఎండలో చర్మానికి పరుగెడుతుంది. కడుపుకి మిగిలేది తక్కువ. ప్రతి ఆదివారం సైకిల్ మీద రేసు రోజు తినేదే తింటూ, తాగేదే తాగుతూ వెళ్తే రెండు మూడు నెలల్లో పేగు అలవాటు పడుతుంది. పరుగులో కుదుపుకి తినడం కష్టం. తినాల్సిందంతా సైకిల్ మీదే తినాలి. అక్కడ ఆకలి వేయదు కాబట్టి గడియారం చూసి, ఇరవై నిమిషాలకోసారి తినాలి.

మా ఆదివారం దారి హెబ్బాల్ నుంచి దేవనహళ్లి మీదుగా చిక్కబళ్లాపురం. అక్కడ మేం ఆగే టిఫిన్ హోటల్ పెద్దాయనది మన తెలుగే. మొదటిసారి మేం ఆరు ఇడ్లీలు చొప్పున తిని మళ్లీ ఎక్కబోతుంటే, “ఇంత తిని తొక్కుతారా నాయనా, కడుపులో బరువుగా ఉండదా?” అన్నాడు. నిజంగానే బరువుగా ఉంది, యలహంక దాకా తేన్పులే. ఆ తర్వాతి వారాల్లో ఆయన దగ్గర రెండు ఇడ్లీలు, ఒక కాఫీతో సరిపెట్టి, మిగతాది దారిలో కొంచెం కొంచెంగా తిన్నాను. రేసు ఆహారం సంగతి నాకు అర్థమైంది ఆ హోటల్ బల్ల దగ్గరే.

ఉక్కపోత: బెంగళూరు నేర్పని పాఠం

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. పొద్దున ఆరింటికి ఇక్కడి చల్లదనంలో పరుగెత్తడం ఒక వరం. ఆ వరమే గోవాలో దెబ్బతీస్తుంది.

కండరం పని చేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో పావు వంతు మాత్రమే పెడల్‌కి చేరుతుంది. మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపడానికి ఒంటికున్న ముఖ్యమైన దారి చెమట. అయితే చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నచోట చెమట ఆరకుండా ధారగా కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. అప్పుడు గుండె చర్మానికి కూడా రక్తం పంపాల్సి వచ్చి, అదే వేగానికి నిమిషానికి పది పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది.

సైకిల్ మీద ఇది తెలియదు. గంటకి 26 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఎదురుగాలే ఫ్యాన్‌లా చెమటని ఆరబెడుతుంది. దిగి పరుగు మొదలుపెట్టిన మొదటి నిమిషంలో ఆ ఫ్యాన్ ఆగిపోతుంది. అప్పటికి పదకొండున్నర, పన్నెండు అవుతుంది. ఒక్కసారిగా పొయ్యి ముందు నిలబెట్టినట్టుంటుంది. చాలామంది “సైకిల్ దాకా బాగానే ఉన్నాను, తర్వాత ఏమైందో తెలీదు” అనేది ఇందుకే.

వేడికి ఒళ్లు అలవాటు పడుతుంది, అదీ తొందరగానే. పది నుంచి పద్నాలుగు రోజులు వరసగా వేడిలో గంటసేపు కష్టపడితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. ఆపేస్తే రెండు మూడు వారాల్లో ఆ లాభం కరిగిపోతుంది కాబట్టి రేసుకి దగ్గర్లోనే చేయాలి. బెంగళూరులో ఉంటూ దీన్ని ఎలా చేయాలి? నేను రేసుకి ముందు రెండు వారాలు గదిలో ఫ్యాన్ ఆపి, ట్రైనర్ మీద (సైకిల్‌ని ఉన్నచోటే నిలబెట్టి తొక్కనిచ్చే స్టాండ్) సైకిల్ తొక్కాను. మధ్యాహ్నం భోజన విరామంలో మెల్లగా పరుగెత్తాను. సొంతూరు నెల్లూరు, ఒంగోలు, కాకినాడ వైపు ఉన్నవాళ్లు సెలవు పెట్టుకుని వారం ఇంటికెళ్లి రావడం అన్నిటికన్నా మేలు. అనంతపురం, కర్నూలు ఎండ కూడా ఎండే కానీ పొడిగా ఉంటుంది, చెమట ఇట్టే ఆరిపోతుంది. గోవాకి కావాల్సింది కోస్తా ఉక్కపోత. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా వెంటనే ఆపి నీడలోకి వెళ్లాలి. వడదెబ్బతో పంతం పట్టకూడదు.

చెమట ఎంత పోతోందో కొలవడం చాలా తేలిక. ఒళ్లు తుడుచుకుని, బట్టల్లేకుండా బరువు చూసుకోవాలి. గంట పరుగెత్తాలి. మళ్లీ తుడుచుకుని చూసుకోవాలి. తగ్గిన బరువుకి మధ్యలో తాగింది కలిపితే గంటకి పోయిన చెమట. బెంగళూరులో డిసెంబర్ పొద్దున నేను 68.4 నుంచి 68.0కి వచ్చాను. తాగింది 300 మి.లీ. అంటే 0.7 లీటరు. మే నెలలో నెల్లూరులో మా పెద్దమ్మ వాళ్లింటి నుంచి పొద్దున ఏడింటికి అదే వేగంతో పరుగెత్తి వస్తే 68.4 నుంచి 67.2. తాగింది అంతే, 300. లెక్క 1.5 లీటర్లు. అదే మనిషి, అదే బూట్లు, రెట్టింపుకి పైన తేడా. బెంగళూరు లెక్కతో గోవాలో నీళ్లు తాగితే పరుగు సగానికి చేరేసరికి మూడు నాలుగు లీటర్లు లోటు పడుతుంది. నల్ల బనియన్ వేసుకుని చేస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. ఆరాక తెల్లటి చారలు బాగా కనబడితే మీ చెమటలో ఉప్పు ఎక్కువ.

భయంతో ఎక్కువ తాగేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. చెమట కన్నా ఎక్కువ మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేది, పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగు మొదట్లో కన్నా చివర్లో బరువు పెరిగినవాళ్లకే ఎక్కువగా అలా అయింది. కొంచెం బరువు తగ్గి ముగించడం సహజం, బరువు పెరగడమే అసహజం.

ఓఆర్‌ఎస్ సంగతి చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. విరేచనాలైనవాళ్ల కోసం తయారైంది అది. ఉప్పు దండిగా ఉంటుంది, శక్తికి కావాల్సిన చక్కెర మాత్రం గంట అవసరంలో పావు వంతు కూడా ఉండదు. కాబట్టి ఉప్పు కోసం తాగండి, ఆకలి కోసం వేరే తినండి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆ సూత్రం రాసుందో లేదో చూడండి.

13 నిమిషాల ఆశ

ఇప్పుడు సైకిల్. రేసు నిర్ణయమయ్యేది ఇక్కడే అని నా గట్టి అభిప్రాయం.

చదును రోడ్డు మీద మనతో పోరాడేది ముఖ్యంగా గాలి. వేగం పెరిగితే గాలిని చీల్చడానికి ప్రతి నిమిషం కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకి 28 కి.మీ. వేగంతో 90 కి.మీ. వెళ్తే 3 గంటల 13 నిమిషాలు. 30తో వెళ్తే సరిగ్గా 3 గంటలు. మిగిలింది 13 నిమిషాలు. దానికోసం ప్రతి నిమిషం గాలి మీద పెట్టే శక్తి 23 శాతం పెరుగుతుంది. అది చక్కెర ఖాతాలోంచే పోతుంది, వేడిగా ఒంట్లో చేరుతుంది. ఆ తర్వాత ఖాతా అయిపోతే పరుగు నడకగా మారుతుంది. కిలోమీటరుకి 7 నిమిషాల పరుగుతో 21.1 కి.మీ. 2 గంటల 28 నిమిషాలు. కిలోమీటరుకి 10 నిమిషాల నడకతో 3 గంటల 31 నిమిషాలు. అక్కడ సంపాదించిన 13 నిమిషాలకి ఇక్కడ చెల్లించింది గంటా మూడు నిమిషాలు.

అందుకే మొదటి 30 కి.మీ. మనకి సిగ్గనిపించేంత నెమ్మదిగా వెళ్లాలి. పక్కనుంచి మన వయసువాళ్లు, మనకన్నా పెద్దవాళ్లు, బరువైనవాళ్లు సర్రున దాటిపోతుంటారు. పోనివ్వాలి. పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగే తీరులో తొక్కాలి.

ఇంకో చిక్కు ఉంది. ఆదివారం గుంపుగా తొక్కేటప్పుడు ముందువాళ్ల వెనకాల గాలి చాటున వెళ్తాం. దానివల్ల దాదాపు మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. రేసులో అది నిషేధం. ముందున్న సైకిల్‌కి 12 మీటర్ల దూరం పాటించాలి, ఆ పరిధిలోకి వెళ్తే 25 సెకన్లలో దాటేయాలి, లేకపోతే పెనాల్టీ. కాబట్టి గుంపులో వచ్చిన సగటు వేగాన్ని మన వేగం అనుకోకూడదు. నెలకి రెండుసార్లయినా ఒంటరిగా, ఆగకుండా మూడు గంటలు తొక్కితేనే నిజం తెలుస్తుంది. నంది కొండ ఎక్కడం కాళ్లకి బలం ఇస్తుంది, కానీ ఎక్కాక ఫొటో, దిగేటప్పుడు విశ్రాంతి. ఒకే తీరున మూడున్నర గంటలు పెడల్ తిప్పే ఓర్పు దాంతో రాదు.

ట్యూబు మార్చడం చేతులకి వచ్చి ఉండాలి. రేసులో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. ఇంట్లో వెనక చక్రం పది సార్లు విప్పి బిగిస్తే పదో సారికి ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. సైకిల్‌ని అట్టపెట్టెలో సర్ది బస్సులో వేసేటప్పుడు వెనక గేర్ భాగాన్ని విప్పి బట్టలో చుట్టండి. నేను చుట్టలేదు. గోవాలో పెట్టె తెరిచేసరికి అది వంగిపోయి ఉంది. రేసు ముందు రోజంతా మెకానిక్ కోసం తిరుగుతూనే గడిచింది. కాళ్లకి విశ్రాంతి ఇవ్వాల్సిన రోజు అది.

కొలనుకి గోడలుంటాయి

25 మీటర్ల కొలనులో 1.9 కి.మీ. అంటే 76 సార్లు. ప్రతిసారీ గోడని తన్నుతాం, ఒక ఊపు, ఒక చిన్న విరామం. అడుగున నల్ల గీత దారి చూపిస్తుంది. సముద్రంలో గోడ లేదు, గీత లేదు, అడుగు కనబడదు. ఎనిమిది పది చేతుల వేటుకోసారి తల ఎత్తి బోయాని (దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తు) చూసుకోకపోతే వంకరగా వెళ్లి రెండు వందల మీటర్లు అదనంగా ఈదుతాం. బెంగళూరు చెరువుల్లో ఈదే పరిస్థితి లేదు, మురికి నీళ్లతో నురగ కక్కిన బెళ్లందూరు చెరువు సంగతి అందరికీ తెలిసిందే. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకి నిజమైన నీళ్లు రేసు దగ్గరే ఎదురవుతాయి. రెండు మూడు రోజుల ముందే చేరి, లైఫ్‌గార్డులున్న చోట, తోడుతో, కనీసం రెండుసార్లు ఈదండి. ఏ తీరంలోనూ ఒంటరిగా దిగొద్దు. కొలనులో ఉన్నప్పుడే కళ్లు మూసుకుని ఆరు చేతులు వేసి, తల ఎత్తి చూసి, మళ్లీ ఆరు వేయడం సాధన చేయొచ్చు.

నాకు మొదటి రెండు వందల మీటర్లలో ఎవరిదో కాలు తగిలి గాగుల్స్ పక్కకి జారాయి. కంట్లో ఉప్పు నీళ్లు. ఛాతీ బిగుసుకుపోయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది, ఎంత పీల్చినా లోపలికి పోవడం లేదు. శిక్షణ ఇచ్చినాయన చెప్పింది గుర్తొచ్చి వెల్లకిలా తిరిగాను. ఆకాశం చూస్తూ ఇరవై ఊపిర్లు లెక్కపెట్టాను. ఉప్పు నీళ్లు మనిషిని బాగా తేలుస్తాయి, ఆ సంగతి నాకు అప్పుడే ఒంటికి తెలిసింది. గాగుల్స్ సర్దుకుని మళ్లీ ఈదాను. పోయింది ఒక నిమిషమే. అంతగా అయితే కాపలా పడవని పట్టుకుని సేదతీరొచ్చు. దాని సాయంతో ముందుకి కదలకపోతే చాలు, నిబంధనలు ఒప్పుకుంటాయి. నిదానంగా ఈదేవాళ్లు గుంపు వెనక, ఒక పక్కగా మొదలుపెడితే ఈ తోపులాట చాలావరకు ఉండదు.

ఈ మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో (ఈత, సైకిల్, పరుగు వరసగా ఉండే ఇలాంటి పోటీల్లో) నమోదైన 135 మరణాలు, గుండె ఆగిన సంఘటనల్లో 90 ఈతలోనే జరిగాయి. రేసులో అతి చిన్న భాగం అది, ప్రమాదం మాత్రం అక్కడే ఎక్కువ. నలభై దాటినవాళ్లు, ఇంట్లో గుండె జబ్బులున్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందే డాక్టర్‌కి చూపించుకుని, ఈసీజీ, ఆయన చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం ఎప్పుడైనా ఉంటే మరీను.

వారాలు

హాఫ్ మారథాన్ అలవాటున్నవాళ్లకి 16 నుంచి 20 వారాలు, వారానికి 8 నుంచి 10 గంటలు సరిపోతాయి. ఆగకుండా 400 మీటర్లు ఈదలేనివాళ్లు ముందు ఒక ఆరు నెలలు ఈతకే ఇవ్వాలి. చిన్న దూరాల ట్రయథ్లాన్ ఒకటి చేసి ఆ తర్వాత దీనికి రావాలి. గంటల్లో ఎనభై శాతం నెమ్మదిగా, మాట్లాడుకుంటూ చేయగలిగే సాధన ఉండాలి. ప్రతి నాలుగో వారం గంటలు తగ్గించాలి. ఆదివారాల్లో రెండున్నర గంటల సైకిల్ దిగీ దిగగానే 20 నిమిషాల పరుగు. మొదట్లో కాళ్లు మనవి కావన్నట్టు, కొయ్యల్లా ఉంటాయి. ఏడెనిమిది వారాలకి ఆ కొయ్యతనం ఐదు నిమిషాల్లో పోతుంది.

ఇంట్లో వాళ్ల సంగతి కూడా ఈ లెక్కలోదే. పది గంటలు ఎక్కడి నుంచో రావాలి. నాలుగు నెలల ఆదివారాలు ఎవరికి చెందాల్సినవో వాళ్లని అడక్కుండా తీసుకోకూడదు. మేం కాగితం మీద రాసుకున్నాం. నావి మంగళ, గురు, శని పొద్దున్నలు, ఆదివారం పదింటి దాకా. మిగతా వేళల్లో సైకిల్ మాట ఎత్తకూడదు. నిద్ర ఏడు గంటలు లేని రోజున మర్నాటి సాధన మానేశాను. అలసిన ఒంటితో చేసిన సాధన గాయానికే దారి తీస్తుంది.

ఆ రోజు

నా రేసు అంకెలివి. ఈత 54 నిమిషాలు, మార్పు 9, సైకిల్ 3 గంటల 31, మార్పు 7, పరుగు 2 గంటల 58. మొత్తం 7 గంటల 39 నిమిషాలు. పరుగు తప్ప మిగతావన్నీ అనుకున్నదానికి దగ్గరగానే వచ్చాయి.

పరుగులో తొమ్మిది నిమిషాలు పరుగెత్తి ఒక నిమిషం నడిచే పద్ధతి పెట్టుకున్నాను. నీళ్ల బల్ల వచ్చిన ప్రతిచోటా నడక, టోపీలో ఐసు ముక్కలు, మెడ మీద నీళ్లు. 14వ కిలోమీటరు దాకా బాగానే సాగింది. అప్పటికి ఆరు గంటలుగా తీపి తాగుతున్న నోరు ఇక వద్దంది. సీసా చూస్తేనే వికారం. రెండు బల్లలు ఏమీ తీసుకోకుండా దాటేశాను. 17వ కిలోమీటరు దగ్గర కాళ్లు బరువెక్కాయి, తలలో ఆలోచన మందగించింది, కిలోమీటరు రాయి మీద అంకెని రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అది అలసట అనుకున్నాను. నిజానికి చక్కెర తగ్గడం. తర్వాతి బల్ల దగ్గర ఉప్పు అద్దిన బంగాళదుంప ముక్కలు దొరికాయి. నాలుగు తిని, అరగ్లాసు కోలా తాగి, మూడు నిమిషాలు నడిచాను. 18వ కిలోమీటరు సగానికి వచ్చేసరికి మళ్లీ పరుగెత్తగలిగాను. నాలుగు ముక్కల దుంపకి ఒళ్లు అంత తొందరగా తిరిగి మాట వినడం చూసి కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు పరుగు కోసం నడుం పట్టీలో రెండు ఉప్పు బిస్కెట్లు, ఉడికించిన చిన్న దుంపలు కవర్లో పెట్టుకుంటున్నాను. చిక్కబళ్లాపురం దారిలో నాలుగు ఆదివారాలు పరీక్షించాను. మూడో గంట దాటాక కూడా కడుపు ఒప్పుకుంటోంది.